బీరువాలో నాలుగు పవర్‌బ్యాంకులు... అమ్మకి మాత్రం ఫోను లేదు!

మీ ఇంట్లో ఫోన్లెన్ని ఉన్నాయి? ఠక్కున చెప్పండి చూద్దాం!

రెండా? నాలుగా? తెర పగిలి సొరుగులో పడుకున్నవీ, బ్యాటరీ ఉబ్బి మూలన పడ్డవీ కూడా కలిపితే ఆరుంటాయా? సరే, ఒప్పుకున్నాను. ఇప్పుడు రెండో ప్రశ్న. వాటిలో మీ అమ్మగారి పేరున ఉన్నవెన్ని?

ఆగిపోయారు కదూ! నేనూ అక్కడే ఆగిపోయాను. ఆగిపోయి, తల దించుకుని, చివరికి ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నాను. సినిమా కబుర్లు చెప్పాల్సిన చోట ఈ ఫోన్ల గోల ఏమిటని విసుక్కోకండి. ఇందులో సినిమా ఉంది, పాట ఉంది, కాస్త సస్పెన్సు కూడా ఉంది. విలన్ ఎవరంటారా... చివర్లో మీరే గుర్తుపడతారు లెండి!

* * *

మాది గురజాల దగ్గర ఒక పల్లె. మా తాతయ్య పెట్టెలో ఇప్పటికీ ఒక చిన్న పుస్తకం ఉంది. రేడియో లైసెన్సు పుస్తకం! ఈనాటి కుర్రకారుకి వింతగా ఉండొచ్చు గానీ, ఒకప్పుడు రేడియో కొనుక్కుంటే సరిపోయేది కాదు సుమండీ. పోస్టాఫీసుకి వెళ్లి లైసెన్సు తీసుకోవాలి, ఏటా రుసుము కట్టాలి, ముద్ర వేయించుకోవాలి. 1980 దశకంలో గానీ ఆ తతంగం వదల్లేదు. ఆ పుస్తకం మీద తాతయ్య పేరు గుండ్రటి అక్షరాలతో ఉంటుంది.

మరి ఆ రేడియో ఎక్కువగా వినేది ఎవరయ్యా అంటే, మా నాయనమ్మ! విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మా ఇంట్లో రేడియో వచ్చిన నాటి నుంచీ ఆ కేంద్రం పాటలు లేనిదే ఆవిడకి పొయ్యి వెలిగేది కాదట. కానీ రేడియో ఉండేది మాత్రం గోడకి కొట్టిన చెక్క మీద, ఆవిడ చేతికి అందని ఎత్తులో. పెట్టాలన్నా, కట్టాలన్నా తాతయ్య రావాల్సిందే. వినేది ఒకరు, మర తిప్పేది మరొకరు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అన్నట్టు, వస్తువుతో పాటు కొసరు ఇవ్వడం కూడా ఇవాళ పుట్టిన తెలివి కాదు. మర్ఫీ రేడియో వాళ్లు ముద్దులొలికే పాప బొమ్మతో క్యాలెండర్లు వేస్తే, రేడియో కొనలేని వాళ్లు కూడా ఆ క్యాలెండరు సంపాదించి గోడకి తగిలించుకున్నారు. 2012లో వచ్చిన హిందీ చిత్రం ‘బర్ఫీ’లో హీరోకి మర్ఫీ అని పేరు పెట్టింది ఆ రేడియో చలవతోనే. బినాకా పళ్లపేస్టు వాళ్లు 1952 నుంచి రేడియో సిలోనులో ‘గీత్‌మాలా’ వినిపించారు. పేస్టు డబ్బాలో చిన్న చిన్న ప్లాస్టిక్ జంతువుల బొమ్మలు పెట్టి పిల్లల్ని బుట్టలో వేసుకున్నారు. ఇక మన సినిమా హాళ్ల దగ్గర పాటల పుస్తకాలు, హీరో బొమ్మ ఉన్న తాళంచెవి గొలుసులు, జేబు క్యాలెండర్లు... వాటి కోసం ఎగబడని వీరాభిమాని ఉండేవాడా? సినీ వారపత్రిక నడిమి పేజీలో బ్లోఅప్పు కోసమే పత్రిక కొన్నవాళ్లు నాకు తెలుసు. మా మేనమామ అందులో ప్రథముడు!

* * *

నాన్న కాలానికి టేపు రికార్డరు వచ్చింది. 1977 సంక్రాంతికి విడుదలైన ‘దానవీరశూర కర్ణ’ డైలాగులు పెళ్లి పందిళ్లలో మైకుల మీద మోగడం నాన్న తన చెవులతో విన్నాడు. కొండవీటి వెంకటకవిగారు రాసిన ఆ సమాసాలు బడికి సరిగా వెళ్లని వాళ్లకి కూడా కంఠతా వచ్చేశాయని మురిసిపోయేవాడు. ఆ మోజుతోనే, నేను పుట్టిన ఏడాదో ఆ మరుసటి ఏడాదో, మిరపకాయలు అమ్మిన డబ్బుతో టూ-ఇన్-వన్ కొన్నాడు. దాని వెనక ఎర్ర రంగుతో తన పేరు రాసుకున్నాడు. ఎవరైనా పెళ్లికి అడిగి పట్టుకెళ్తే తిరిగి రావాలి కదా!

నరసరావుపేట వెళ్లినప్పుడల్లా నాన్న జేబులో ఒక తెల్ల కాగితం ఉండేది. కావాల్సిన పాటల పేర్లు వరస నంబర్లతో రాసి రికార్డింగు షాపులో ఇస్తే, వారం తర్వాత క్యాసెట్టు చేతికొచ్చేది. ఆ జాబితాలో అమ్మ అడిగిన పాటలు కూడా ఉండేవి. ఎన్ని అనుకున్నారు? పన్నెండింటిలో రెండు!

నేను నరసరావుపేటలో డిగ్రీ చదివే రోజులకి ఆ షాపుల్లోనే కంప్యూటర్లు వెలిశాయి. మెమరీ కార్డు ఇస్తే చాలు, పాటలు ఎక్కించి ఇచ్చేవారు. తెల్ల కాగితం పోయింది, నంబర్లు పోయాయి. ‘ఏయే హీరోవి కావాలి?’ అనే ఒక్క ప్రశ్న మిగిలింది. కార్డు వేలిగోరంత, అందులో పాటలు వందలు! అన్నీ ఎక్కించుకుని, పది పాటలే మళ్లీ మళ్లీ విన్నాం. ఏమంటారు, మీరూ అంతేనా?

* * *

ఇక అసలు కథానాయకుడి రంగప్రవేశం!

మన దేశంలో మొట్టమొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జులై 31న జరిగింది. కలకత్తా నుంచి జ్యోతి బసు, ఢిల్లీలో ఉన్న సుఖ్‌రామ్‌గారితో మాట్లాడారు. అప్పట్లో ఫోను చేసినా డబ్బే, ఎత్తినా డబ్బే. 2003లో వచ్చిన కాల్‌కి ఛార్జీ తీసేశాక గానీ సామాన్యుడు ఆ వంక కన్నెత్తి చూడలేదు. అదే ఏడాది నోకియా 1100 దిగింది. దుమ్ముకి తట్టుకునే మీటలు, నెత్తిన టార్చిలైటు. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిందంటే ఊరికే కాదు!

మా నాన్న దాన్ని కొన్నది మాట్లాడటానికి కాదు. వ్యవసాయానికి కరెంటు రాత్రిళ్లు వచ్చేది. మోటారు వేయడానికి చేలో నడవాలి, పాములుంటాయి. ఆ లైటు కోసం కొన్నాడు. ‘టార్చిలైటు కొంటే ఫోను కొసరుగా వచ్చింది’ అని ఊరంతా చెప్పుకుని నవ్వాడు. ఆ ఫోనులో వేసిన నంబరే చివరిదాకా ఉంచాడు.

లెక్కలు కూడా కాస్త చూడండి. 2001 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద నూటికి 9 ఇళ్లలోనే టెలిఫోను ఉంది, రేడియో 35 ఇళ్లలో. పదేళ్లు తిరిగేసరికి, అంటే 2011లో, ఫోను 63 ఇళ్లకి చేరింది, రేడియో 20కి పడిపోయింది. అదే లెక్కల్లో సగానికి పైగా ఇళ్లకి మరుగుదొడ్డి లేదు! ఆ తర్వాత 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్‌ని పుట్నాల పప్పులా పంచిపెట్టింది. ఇక ఆగేదేముంది?

సినిమా వాళ్లు మాత్రం ఊరుకుంటారా? 2014లో రజనీకాంత్‌గారి ‘కొచ్చడయాన్’ (మనకి ‘విక్రమసింహ’) విడుదలైనప్పుడు కార్బన్ కంపెనీ ఆయన సంతకంతో ఫోన్లే దించింది. ఫోను వెనక సంతకం, తెర మీద సినిమా బొమ్మలు. జేబు క్యాలెండరుకి పట్టిన అదృష్టం అన్నమాట! ఇప్పుడైతే ఫోనుకి వెనక తొడిగే కవరు మీద హీరో, వేలికి పట్టుగా అంటించే బిళ్ల మీద హీరో, తెర తెరిస్తే హీరో. హాల్లో పాట వస్తే ఒకప్పుడు కాగితాలు ఎగరేసేవాళ్లం. ఇప్పుడు ఫోన్ల లైట్లు వెలిగిస్తున్నాం. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభలు చూశారు కదా... అచ్చం ఆ వెలుగే!

* * *

ఇక నా సంగతికొస్తాను. నేను హైదరాబాదులో ఉంటూ పత్రికలకి రాసుకుంటాను. పాటల విడుదల, ట్రైలర్ విడుదల, సక్సెస్ మీట్... పిలిచిన చోటికల్లా వెళ్తాను. తిరిగి వచ్చేటప్పుడు చేతికి ఒక సంచీ ఇస్తారు. అందులో పెన్‌డ్రైవు, చెవిలో పెట్టుకునేవి, ఫోను నిలబెట్టే స్టాండు. కాస్త పెద్ద సినిమా అయితే పవర్‌బ్యాంకు. అన్నిటి మీదా సినిమా పేరే!

ఇలా నా బీరువాలో నాలుగు పవర్‌బ్యాంకులు చేరాయి. అందులో ఒక సినిమా వారం తిరక్కుండానే హాలు ఖాళీ చేసింది. పవర్‌బ్యాంకు ఇంకా మెరుస్తూనే ఉంది. మరొకటి అట్ట మీద 10,000 అని పెద్దక్షరాలతో ఉంటుంది. ఆ అంకె చూసి మోసపోకండి. లోపలి బ్యాటరీ 3.7 వోల్టులది, ఫోనుకి ఇచ్చేది 5 వోల్టుల్లో. ఆ మార్పిడిలోనే 10,000 కాస్తా 7,400 అవుతుంది. వేడి రూపంలో పోయేది పోగా ఆరు వేలో, ఆరున్నర వేలో ఫోనుకి చేరుతుంది. అది కూడా సరుకు మంచిదైతేనే! ఉచితంగా వచ్చిన దాని పళ్లు లెక్కపెట్టకూడదంటారు. పల్నాటి వాడిని, నేను లెక్కపెట్టాను.

ఊరికి వెళ్లినప్పుడల్లా వీటిలో ఒకటి పట్టుకెళ్లి అమ్మ చేతిలో పెట్టేవాణ్ణి. ‘ఏందిరా ఇది?’ అనేది. ‘ఫోనుకి కరెంటు పెట్టుకునేదమ్మా’ అనేవాణ్ణి. ‘ఇటుకరాయిలా ఉంది, తలుపుకి అడ్డం పెట్టుకుంటా’ అని నవ్వి, జాగ్రత్తగా చీరల మధ్య దాచేది. కొడుకు తెచ్చింది కదా!

నాన్న 2023లో పోయాడు. ఆయన చివర్లో వాడిన మీటల ఫోను అమ్మ దగ్గరే ఉండిపోయింది. సిమ్ కార్డు నాన్న పేరున. గ్యాసు బుకింగు ఆ నంబరు మీద, అమ్మ బ్యాంకు ఖాతా మెసేజీలు ఆ నంబరుకే, ఆధారుకి కట్టిందీ ఆ నంబరే. ‘నీ పేరున మార్పిద్దామా’ అని ఒకసారి అన్నాను. ‘అది మీ నాయన నంబరు గదా అబ్బాయ్, నాదెట్టా అయిద్ది?’ అంది. సరేలే అనుకున్నాను. నా పనులు నాకున్నాయి.

మరుసటి సంక్రాంతికి మోకాలి నొప్పితో అమ్మ హైదరాబాదు వచ్చింది. ఆపరేషను, కసరత్తులు, విశ్రాంతి... దసరా దాకా మా ఇంట్లోనే. ఫోను ఊళ్లో బీరువాలో పడి ఉంది. రీచార్జి చేయించాల్సింది నేను. ‘వాడేవాళ్లు లేనిదానికి డబ్బెందుకు’ అనుకున్నాను. ఆ నెలలోనే నేను రెండు సినిమాలు పాప్‌కార్నుతో సహా చూశాను!

ప్రియమైన పాఠకులారా, ఈ సూత్రం మీరైనా గుర్తుపెట్టుకోండి. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకుండా ఉంటే కంపెనీ దాన్ని తీసేయవచ్చు. కనీసం 20 రూపాయల నిల్వ ఉంటే ఆ గండం తప్పుతుంది. తీసేసిన నంబరుని మరో 90 రోజులు పక్కన ఉంచి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. మాకు రెండు గడువులూ దాటిపోయాయి.

దసరాకి ఊరెళ్లి ఫోను తీస్తే అది మూగబోయి ఉంది. అమ్మ పక్కింటి మా చిన్నమ్మ కొడుకు ఫోను తీసుకుని, ఇరవై ఏళ్లుగా నోటికి వచ్చిన ఆ పది అంకెలూ తనే నొక్కింది. ఎందుకు నొక్కిందో నేను అడగలేదు. అవతల ఏదో కొత్త సినిమా పాట మోగింది. తర్వాత ఒక కుర్రాడి గొంతు, ‘ఎవరండీ?’ అంది.

అమ్మ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి నా వంక చూసింది. ‘ఎవరో ఎత్తాడు రా’ అంది, అంతే. ఆ పూట అన్నం సరిగా తినలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

* * *

పైగా చిక్కులు! గ్యాసు బండకి వచ్చే నంబరు ఆ కుర్రాడి ఫోనుకి పోతోంది. బ్యాంకుకి వెళ్తే ‘మీ మొబైలుకి వచ్చిన అంకె చెప్పండమ్మా’ అంటారు. ఏ మొబైలు? నెల రోజులు ఆ బల్లకీ ఈ బల్లకీ తిరిగాం. ఆధార్ కేంద్రంలో అమ్మ వేలిముద్ర పడదు. మిరపకాయలు కోసి కోసి గీతలు అరిగిపోయాయి. నాలుగోసారికి గానీ ఆ మర ఒప్పుకోలేదు. ఆ కుర్రాడు మాత్రం బంగారం లాంటివాడు. ఫోను చేసి సంగతి చెబితే, వచ్చిన మెసేజీలు ఎవరికీ చూపించకుండా చెరిపేశాడు. అలాంటివాడు దొరకడం మా అదృష్టం. అందరికీ దొరుకుతాడన్న నమ్మకం లేదు.

ఆ రోజుల్లోనే ఒక సర్వే నా కంట పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న ఆడవాళ్లు మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 49 మంది, దేశం మొత్తం మీద 54. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడారా అంటే మన రాష్ట్రంలో మగవాళ్లు దాదాపు 49 మంది అవునన్నారు, ఆడవాళ్లు 21 మందే. అదీ 49 ఏళ్ల లోపు ఆడవాళ్లని అడిగితే! మా అమ్మ వయసు వాళ్లని ఆ ప్రశ్న అడగనే లేదు.

ఇంతకీ ఇది ఏ గడ్డ? నాయకురాలు నాగమ్మ మంత్రిగా ఏలిన గడ్డ! గురజాల కొలువులో ఆవిడ మాటకి ఎదురు లేదంటారు. 1947 ‘పల్నాటి యుద్ధం’లో కన్నాంబగారు, 1966 నాటి దాంట్లో భానుమతిగారు ఆ వేషం కట్టారు. ఆ గురజాల పక్క పల్లెలో, ఇరవయ్యొకటో శతాబ్దంలో, మా అమ్మకి సొంత నంబరు లేదు. నాయనమ్మకి అందని ఎత్తులో తాతయ్య పెట్టిన రేడియో గుర్తుందా? ఆ చెక్క ఇంకా మా గోడకి ఉంది. ఈసారి మేకు కొట్టింది నేను.

* * *

సంక్రాంతి ముందు అమ్మని నరసరావుపేట తీసుకెళ్లాను. మల్లమ్మ సెంటరు చుట్టుపక్కల షాపుల్లో సందడే సందడి. ఫోను కొంటే కవరు ఉచితం, తెరకి అద్దం ఉచితం, చెవిలో పెట్టుకునేవి ఉచితం, షాపు పేరున్న సంచీ ఉచితం! మా పక్కన మాచర్ల నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఫోను గురించి ఒక్క ముక్క అడగలేదు. తమ హీరో బొమ్మ ఉన్న కవరు ఏ ఫోనుకి సరిపోతే ఆ ఫోను కావాలని పట్టుబట్టారు. మేకు దొరికిందని గోడ కట్టినట్టు! నవ్వొచ్చింది. ఆ వయసులో నేనైనా అంతే కదా.

సిమ్ కార్డు దగ్గర అబ్బాయి అలవాటుగా, ‘సార్, మీ ఆధార్ ఇవ్వండి’ అన్నాడు. ‘నాది కాదు, ఆవిడది’ అన్నాను. అమ్మ కొంగు ముడి విప్పి కార్డు తీసింది. ఫోటో తీసేటప్పుడు పైట సర్దుకుని, గడ్డం ఎత్తి కూర్చుంది. పెళ్లి ఫోటోలో కూడా అంత నిటారుగా లేదు!

తర్వాత షాపతను కవర్ల దండ తెచ్చి ఆవిడ ముందు వేశాడు. పాత ఎన్టీఆర్ నుంచి నిన్నటి కుర్ర హీరో దాకా అందరూ ఉన్నారు. ‘ఏ హీరో కావాలమ్మా?’ అన్నాడు. అమ్మ అన్నిటినీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. చూసి, బొమ్మ లేనిది, పచ్చరంగుది తీసుకుంది.

‘తెర మీద ఎవర్ని పెట్టమంటావమ్మా? నాన్న ఫోటో పెట్టనా?’ అని అడిగాను.

ఒక్క నిమిషం ఆలోచించింది.

‘మీ నాయన గోడ మీద ఉన్నాడుగా... ఫోను నాదంటివి గదరా, నా బొమ్మే పెట్టు’ అంది.

పెట్టాను.

ఇక మీరు చేయాల్సిన పని ఒకటుంది. ప్రభుత్వం 2023 మేలో ప్రారంభించిన ‘సంచార్ సాథీ’లోకి వెళ్తే మీ పేరున ఎన్ని నంబర్లు నడుస్తున్నాయో కనిపిస్తుంది. మొదట మీది చూసుకోండి. తర్వాత అమ్మ పేరున అసలు నంబరు ఉందో లేదో ఆవిడ పక్కన కూర్చుని అడగండి. లేదంటే... వచ్చే సినిమా టిక్కెట్టు డబ్బులు ఎక్కడ పెట్టాలో నేను వేరే చెప్పనక్కర్లేదు.

అమ్మ ఇప్పుడు రోజూ సాయంత్రం తనే ఫోను చేస్తుంది. నిన్న పాత పాట ఒకటి ఎలా వెతుక్కోవాలో అడిగింది. నాన్న జాబితాలో చోటు దొరకని పాట అది. వెతికి ఇస్తానన్నాను. ‘నువ్వు వద్దు, ఎట్టా వెతకాలో చెప్పు’ అంది!

ఆ నాలుగు పవర్‌బ్యాంకులంటారా? ఒకటి అమ్మ నిజంగానే తలుపుకి అడ్డం పెట్టింది. సినిమా పేరు పైకి కనిపిస్తూనే ఉంది. ఆ నిర్మాతగారికి ఇంతకంటే ప్రచారం ఎవరు చేస్తారు చెప్పండి!